కారు లాక్ మొరాయిస్తే ముందు ఇండికేటర్లు చూడండి

రాజమండ్రిలో ఒక పెళ్లికి వెళ్లాం. ముహూర్తం దగ్గరపడుతోంది. మా అక్క కుచ్చిళ్లు సర్దుకుంటూ ముందే లోపలికి వెళ్లిపోయింది. బావగారు మాత్రం ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో కారును వదిలి రాలేకపోతున్నారు. రిమోట్ నొక్కితే ఇండికేటర్లు వెలుగుతున్నాయి, తలుపులు 'టక్'మని లాక్ అవుతున్నాయి, అర సెకను తిరక్కుండానే మళ్లీ 'టక్'మని తెరుచుకుంటున్నాయి. చదివింపుల కవర్లున్న బ్యాగు వెనక సీట్లోనే ఉంది. చుట్టూ నలుగురు చేరారు, నలుగురూ ఒకే మాట: "రిమోట్‌లో సెల్ అయిపోయుంటుందండీ."

ఆ మాట అప్పటికే ఆయన రెండు నెలలుగా వింటున్నారు. సెల్ రెండుసార్లు మార్పించారు. ఒక గ్యారేజీలో అయితే లోపల 'మాడ్యూలే పోయింది', 14 వేలవుతుందన్నారు. ఆ రాత్రి చివరికి మూడు తలుపులకు లోపలి నుంచి నాబ్ నొక్కి, డ్రైవర్ తలుపుకు బయటి నుంచి మామూలుగా తాళం తిప్పి వచ్చారు. అక్షింతలు వేస్తున్నంతసేపూ ఆయన చూపు పార్కింగ్ వైపే.

అసలు సంగతేమిటంటే రిమోట్‌కు ఏ రోగమూ లేదు. ఆ విషయం కారే చెబుతోంది, మనమే వినడం లేదు. ఇండికేటర్లు వెలిగాయంటే రిమోట్ చెప్పింది కారుకు అందినట్టే కదా! అందిన తర్వాత జరగాల్సిన పని ఎక్కడో తప్పింది. 'లాక్ పనిచేయడం లేదు' అని మనం ఒక్క ముక్కలో చెప్పేది నిజానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు జబ్బుల ఉమ్మడి పేరు. ఏది ఏదో విడదీయడం రాకపోతే ముందు సెల్, తర్వాత రిమోట్, ఆ తర్వాత మాడ్యూల్, ఇలా వరసగా మార్చుకుంటూ పోవడమే.

ఒక తాళంలో మూడు తాళాలు

ఇప్పటి కారు తాళం చేతిలోకి తీసుకుంటే అందులో మూడు వేరు వేరు వస్తువులున్నాయి. ఒకటి లోహపు తాళం చెవి. అది తలుపు సిలిండర్‌ను తిప్పుతుంది, అంతే. రెండోది బటన్లు నొక్కితే పనిచేసే చిన్న రేడియో. మన దగ్గరా యూరప్‌లోనూ ఇది సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్ మీద, అమెరికా, జపాన్‌లలో ఎక్కువగా 315 మీద పలుకుతుంది. దీనికి సెల్ కావాలి. మూడోది ఇమ్మొబిలైజర్ చిప్. దీనికి సెల్‌తో పనే లేదు. స్టీరింగ్ పక్కన తాళం పెట్టే చోట ఒక తీగ చుట్ట ఉంటుంది. దాని నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రమే ఆ చిప్‌కు కరెంటు. తాళం పెట్టగానే చిప్ తన గుర్తింపు చెబుతుంది, కారు ఒప్పుకుంటేనే ఇంజిన్ నడుస్తుంది.

ఈ మూడూ ఒకదాని ఊసు ఇంకొకటి ఎత్తవు. అందుకే సెల్ పూర్తిగా చచ్చిపోయినా తాళం పెట్టి తిప్పితే కారు నిక్షేపంగా స్టార్ట్ అవుతుంది. అలాగే ఫుట్‌పాత్ మీద డూప్లికేట్ తాళాలు చేసే ఆయన దగ్గర అచ్చుగుద్దినట్టు చెవి కోయించుకున్నా తలుపు తెరుచుకుంటుంది గానీ ఇంజిన్ నడవదు. సెల్ఫ్ తిరుగుతుంది, లేదా ఒక్క సెకను పట్టుకుని ఆగిపోతుంది, మీటర్ బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. ఆయన మోసం చేసినట్టు కాదు, చెవి కోశాడు, చిప్ పెట్టలేదు. ఆ చిప్‌ను కారుకు పరిచయం చేయాలంటే ప్రోగ్రామింగ్ పరికరం ఉన్నవాళ్లు కావాలి. ఇంజిన్ దగ్గర ఆగిపోయే కేసుల్లో తలుపులను, సెంట్రల్ లాకింగ్‌ను తప్పుపట్టి లాభం లేదు, అది వేరే ఇంటి గొడవ.

ఇక తలుపుల సంగతి. రిమోట్ మాట వినేది కారులో ఉన్న రిసీవర్. అది బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే పెట్టెకు చెబుతుంది. ఆ పెట్టె ప్రతి తలుపులోనూ ఉన్న బుల్లి 12 వోల్టుల మోటార్‌కు కరెంటు పంపుతుంది. ఒక దిశలో పంపితే లాక్, ప్లస్సూ మైనస్సూ తిరగేసి పంపితే అన్‌లాక్. కొన్ని తలుపులు, ముఖ్యంగా డ్రైవర్ తలుపు, తిరిగి జవాబు కూడా చెబుతాయి: 'మూసి ఉన్నాను, లాక్ అయ్యాను' అని. ఈ జవాబే చాలా చిక్కులకు మూలం. ఆ కథ తర్వాత.

ఎవరెవరు మూగబోయారు?

పట్టుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే. రిమోట్ నొక్కితే ఇండికేటర్లు వెలగలేదు, తలుపు కదల్లేదు. సరే, ఇప్పుడు డ్రైవర్ తలుపు మీదున్న లాక్ స్విచ్ నొక్కండి. నాలుగు తలుపులూ ఠక్కున లాక్ అయితే మోటార్లు, ఫ్యూజు, వైరింగ్ అన్నీ బాగున్నట్టే. లోపం రిమోట్‌కూ రిసీవర్‌కూ మధ్య ఉంది. బీరువాలో దాచిన రెండో తాళం తెచ్చి నొక్కండి. అది పనిచేస్తే మొదటి రిమోటే దోషి. రెండూ పనిచేయకపోతే రిసీవర్‌ను గానీ, ఆ చుట్టుపక్కల గాలిని గానీ అనుమానించాలి. గాలిని ఎందుకు అనుమానించాలో కాసేపట్లో చెబుతాను.

స్విచ్ నొక్కినా ఒక్క తలుపూ కదలకపోతే ముందు ఫ్యూజు చూడాలి. ఏ ఫ్యూజు దేనిదో ఫ్యూజు బాక్సు మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. కొత్తది వేయగానే మళ్లీ మాడితే ఇంకా పెద్ద ఫ్యూజు వేసేయడం మన దగ్గర అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని ఫ్యూజు చెబుతోంది, దాని నోరు నొక్కేస్తే వైరు కాలుతుంది. ఫ్యూజు బాగానే ఉండి తలుపులు నీరసంగా, సగం సగం కదులుతుంటే కారు పెద్ద బ్యాటరీ చూడాలి. కారు ఆపి కొన్ని గంటలైన తర్వాత మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరికి వచ్చిందంటే అది ఇక ఈడ్చుకొస్తోందని అర్థం.

మూడు తలుపులు బాగుండి ఒక్కటే మొరాయిస్తే ఆ తలుపులోనే వెతకాలి. రిమోట్ అమాయకురాలు.

సెల్ గురించి కొంచెం

అలాగని సెల్ ఎప్పుడూ నిర్దోషి కాదు. దాని లక్షణం వేరుగా ఉంటుంది, ఉన్నట్టుండి చావదు. మొదట దూరం తగ్గుతుంది. నిన్నటిదాకా రెండో అంతస్తు బాల్కనీ నుంచి నొక్కితే పలికిన కారు ఇవాళ గేటు దగ్గరికొస్తే గానీ పలకదు. తర్వాత బానెట్‌ పక్కకు రావాలి. తర్వాత రెండు మూడుసార్లు నొక్కాలి. ఈ వరసలో వస్తే అది సెల్లే.

రిమోట్ అంచున ఒక గాడి ఉంటుంది. అందులో రూపాయి బిళ్లో, చిన్న స్క్రూడ్రైవరో పెట్టి మెల్లగా తిప్పితే రెండు చిప్పలుగా విడుతుంది. సెల్ మీద సీఆర్2032 అనో సీఆర్2025 అనో ఉంటుంది. ఆ అంకెల్లోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, మందం 3.2 లేదా 2.5. రెండూ 3 వోల్టులే కాబట్టి షాపులో ఒకటి లేకపోతే ఇంకొకటి ఇస్తుంటారు. పల్చటిది వేస్తే కాంటాక్టు వదులై ఒకసారి పనిచేసి ఒకసారి మొండికేస్తుంది, మందంది కూరితే లోపలి రేకు వంగిపోతుంది. ఏది తీశామో అదే వేయాలి. చేతి జిడ్డు అంటకుండా అంచులు పట్టుకుని వేయండి. ప్లస్ ఎటువైపు ఉందో తీసేముందే ఫోన్లో ఫొటో తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. తీసిన సెల్ పిల్లలకు అందే చోట అస్సలు పెట్టకూడదు. మింగితే గొంతులోపల కాలిపోయి ప్రాణం మీదికొస్తుంది.

కొత్త సెల్ వేసినా ఒక్క లాక్ బటనే పనిచేయక, అన్‌లాక్ మాత్రం పలుకుతుంటే? సెల్ రెండింటికీ ఒకటే కదా. అరిగింది ఆ బటన్ కింది స్విచ్. ఫోన్లు బాగుచేసే కుర్రాడెవరైనా దాన్ని మార్చి టంకం వేయగలడు. ఇక్కడ ఇంకో మాట. టీవీ రిమోట్‌ను ఫోన్ కెమెరా ముందు పెట్టి లైటు వెలుగుతోందా అని చూసే చిట్కా ఉంది చూశారూ, అది కారు రిమోట్‌కు పనికిరాదు. టీవీది ఇన్‌ఫ్రారెడ్ కాంతి, కారుది రేడియో. తొంభైలలో కొన్ని మెర్సిడెస్ కార్ల తాళాలు ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసేవి, అవి ఇప్పుడు మనకు తగిలే అవకాశం తక్కువ.

పిల్లాడు ఆడుకుంటూ రిమోట్‌ను వందసార్లు నొక్కేశాక కారు పలకడం మానేసిందని కొందరంటారు. అది భ్రమ కాదు. రిమోట్ ప్రతిసారీ ఒకే కోడ్ పంపదు. నొక్కిన ప్రతిసారీ లోపల లెక్క ఒకటి పెరిగి కొత్త కోడ్ పుడుతుంది. పాత కోడ్‌ను దొంగ రికార్డు చేసి మళ్లీ వినిపించినా కారు ఒప్పుకోకూడదని ఈ ఏర్పాటు. దీనికి బాగా పేరొచ్చిన కీలాక్ పద్ధతి ఎనభైలలో దక్షిణాఫ్రికాలో పుట్టింది, 1995లో మైక్రోచిప్ సంస్థ దాన్ని కొనుక్కుంది. కారు కూడా తన దగ్గర ఒక లెక్క పెట్టుకుంటుంది. రిమోట్ కొద్దిగా ముందుకెళ్లినా సర్దుకుపోతుంది. కీలాక్‌లో ఆ వెసులుబాటు మామూలుగా 16 నొక్కుల దాకా. అది దాటితే కారు దగ్గరికెళ్లి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే లెక్క మళ్లీ కలుస్తుంది. కొన్ని కార్లలో తాళం పెట్టి ఆన్ చేసి, బటన్ నొక్కాలి, పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. ఊరికే సెల్ మార్చినందుకు ప్రోగ్రామింగ్ అంటూ డబ్బు అడిగితే మాత్రం ఈ రెండు నొక్కులూ నొక్కి చూశాకే ఒప్పుకోండి.

జేబులోంచి తీయనక్కర్లేని తాళం

పుష్ బటన్ స్టార్ట్ ఉన్న కార్లలో కథ ఇంకో మెలిక తిరుగుతుంది. హ్యాండిల్ మీద చెయ్యి పడగానే కారే ముందు పలకరిస్తుంది. 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, మీటరు ఒకటిన్నర మీటరు దూరమే వినిపించే గుసగుస అది. జేబులోని తాళం దాన్ని విని 433 మీద గట్టిగా జవాబిస్తుంది. అంటే ఈ తాళం రోజంతా చెవి రిక్కించుకుని కూర్చుంటుంది. సెల్ త్వరగా అరిగేది అందుకే. కారుకు ఆనుకున్న గోడకే లోపలివైపు తాళం తగిలించే ఇళ్లలో తాళమూ కారూ రాత్రంతా పలకరించుకుంటూనే ఉండొచ్చు. టీవీ, ల్యాప్‌టాప్, ఛార్జర్ పక్కన పెట్టినా ఇదే తంతు.

ఇందులో సెల్ చచ్చిపోతే తలుపుకు తాళం రంధ్రమే కనబడదు, గుండె జారుతుంది. రంధ్రం ఉంటుంది, చాలా కార్లలో హ్యాండిల్ చివర చిన్న ప్లాస్టిక్ మూత కింద దాక్కుని. రిమోట్ లోపలి నుంచి లోహపు చెవి ఊడదీసి తెరవాలి. లోపలికెళ్లాక రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజిన్ నడుస్తుంది, సెల్ అక్కర్లేని ఆ మూడో వస్తువు ఇక్కడ ఆదుకుంటుంది. కొన్ని మోడళ్లలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది. ఇంట్లో తీరుబడిగా ఉన్నప్పుడు ఒకసారి చేసి చూసుకోండి, నడిరోడ్డు మీద మాన్యువల్ తిరగేయడం కంటే అది నయం.

ఇప్పుడు గాలి సంగతి. ఇంటి దగ్గర చక్కగా పనిచేసే రిమోట్ ఒక్క చోట మాత్రమే మూగబోతే, పక్క కారువాళ్లూ అదే అవస్థ పడుతుంటే, తప్పు మీ కారుది కాదు. 2019లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నార్త్ ఓల్మ్‌స్టెడ్‌లో ఒక వీధి వీధంతా ఇలాగే అయింది. కారు రిమోట్లు, గ్యారేజీ తలుపుల రిమోట్లు వారాల తరబడి పలకలేదు. వెతగ్గా వెతగ్గా తేలింది: ఒకాయన ఇంటి కింది గదిలో పనిచేసుకుంటూ, పైన ఎవరైనా తిరుగుతుంటే తనకు తెలిసేలా సొంతంగా ఒక పరికరం తయారు చేసుకున్నాడు. అది ఆగకుండా 315 మెగాహెర్ట్జ్ మీద అరుస్తోంది. దానిలోని బ్యాటరీ పీకేయగానే వీధి బాగుపడింది. మన దగ్గర చవకరకం వైర్‌లెస్ కాలింగ్ బెల్లులు, గేటు రిమోట్లు చాలావరకు 433 మీదే నడుస్తాయి. వాటిలో ఒక్క బటన్ ఇరుక్కుపోయినా చాలు. అలాంటి చోట రిసీవర్‌కు దగ్గరగా, అంటే కారుకు ఆనుకుని నొక్కాలి, లేదా లోహపు తాళం చెవిని నమ్ముకోవాలి.

రబ్బరు గొట్టంలో దొరికిన దొంగ

బావగారి కారు దగ్గరికొద్దాం. పెళ్లైన మరుసటి ఆదివారం ఇద్దరం కాఫీ తాగి కారు దగ్గర కూర్చున్నాం. డ్రైవర్ తలుపు బార్లా తీసి లోపలి స్విచ్ నొక్కితే నాలుగు మోటార్లూ తిరిగాయి. తలుపు దగ్గరికి తెచ్చి నొక్కితే మూడే. మళ్లీ బార్లా, నాలుగు. "ఇదేంటయ్యా, తలుపు తీస్తేనే లాక్ పడుతోంది!" అని ఆయన నవ్వారు. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. మోటారో మాడ్యూలో పోతే తలుపు ఎంత తెరిచామన్న దానితో వాటికేం పని? తలుపుతో పాటు వంగేది ఒక్కటే.

తలుపు కీలుకు కొంచెం పక్కన, బాడీకీ తలుపుకూ మధ్య, ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపులోకి వెళ్లే వైర్లన్నీ అందులోంచే. రోజుకు పదిసార్లు తీసి మూస్తే ఏడాదికి మూడున్నర వేలసార్లు ఆ వైర్లు ఒకే చోట వంగుతాయి. పదేళ్ల కారంటే లెక్కేసుకోండి. గొట్టాన్ని ఒక చివర ఊడదీసి వెనక్కి జరిపాం. వైర్ల గుత్తిలో ఒకదాన్ని వేళ్లతో మెల్లగా లాగితే రబ్బరులా సాగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. తొడుగు చీలిస్తే రెండు కొసలూ పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి.

జరుగుతున్నదేమిటంటే, లాక్ నొక్కగానే మూడు తలుపులు లాక్ అవుతున్నాయి. డ్రైవర్ మోటార్‌కు కరెంటు అందడం లేదు, అది కదల్లేదు. 'నేనింకా తెరిచే ఉన్నాను' అని అది జవాబు చెప్పగానే, డ్రైవర్ తాళం లోపల పెట్టి దిగాడేమోనన్న జాగ్రత్తతో మాడ్యూల్ అన్నిటినీ తెరిచేస్తోంది. పాపం, అది తన పని తాను సరిగ్గానే చేస్తోంది. 14 వేలు పెట్టి కొత్తది బిగించినా ఇదే చేసేది. తెగిన చోట కాస్త పొడవుగా కొత్త వైరు ముక్క కలిపి, టంకం వేసి, స్లీవ్ తొడిగాం. అతుకు వంగే చోట పడకుండా గొట్టం బయటికి జరపాలి, లేకపోతే ఏడాదిలో మళ్లీ అదే పని. ఆ తలుపు పవర్ విండో కూడా అప్పుడప్పుడూ ఆగిపోతోందని బావగారు అప్పుడు గుర్తు చేసుకున్నారు. గ్యారేజీలో ఆ రెండు ముక్కలూ కలిపి చెప్పి ఉంటే వాళ్లూ ఈ గొట్టమే చూసేవాళ్లేమో.

బయట బిగించిన సెంట్రల్ లాకింగ్ ఉన్న కార్లలో ఇంకో అనుమానితుడు ఉంటాడు. బేస్ మోడల్ కొని తర్వాత కిట్ పెట్టించుకుంటే డాష్‌బోర్డు కింద వైర్లను మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తారు. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. అలారం ఊరికే మోగడానికీ, తలుపులు వాటంతటవే లాక్ పడటానికీ చాలాసార్లు ఆ టేపు ముడులే కారణం.

ఒక్క తలుపులో మోటార్ తిరుగుతున్న చప్పుడు 'గర్ర్'మని వచ్చి నాబ్ కదలకపోతే లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగాయి, మార్చక తప్పదు. వాన పడ్డప్పుడే గొడవైతే తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మట్టితో పూడుకున్నాయేమో పుల్లతో పొడిచి చూడండి. వెనక తలుపు లోపలి నుంచి మాత్రమే తెరుచుకోకపోతే అది చైల్డ్ లాక్, తలుపు అంచున చిన్న మీట ఉంటుంది. దీనికోసం సర్వీస్ సెంటర్ దాకా వెళ్లొచ్చినవాళ్లు నాకు తెలుసు. తాళం చెవి సిలిండర్‌లో బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి మంచిది.

ఒక్క విషయం దగ్గర మాత్రం తీరిగ్గా ఆలోచించే పని లేదు. రిమోట్‌తో అన్‌లాక్ చేసి ఏ తలుపూ తీయకపోతే చాలా కార్లు అర నిమిషంలో మళ్లీ లాక్ అయిపోతాయి. అది లోపం కాదు, ఏర్పాటే. కానీ తాళం పిల్లల చేతికిచ్చే ఇళ్లలో ఇది గుర్తుండాలి. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు, మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆగి ఉన్న కారులోకి ఆడుకోవడానికెక్కి, బయటికి రాలేక ప్రాణాలు కోల్పోయారు. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిస్తే గంటలో కారు లోపలి వేడి సుమారు 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. ఇంటి ముందున్న కారైనా లాక్ చేసే ఉంచండి, తాళం పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. లోపల పిల్లలుండి తలుపు రాకపోతే తాళాలవాడి కోసం ఎదురుచూడొద్దు. పిల్లలకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూలన గట్టిగా కొట్టండి, ముందు అద్దం అంత తేలిగ్గా పగలదు. 112కి ఫోన్ చేయమని పక్కవాళ్లకు చెప్పండి.

బావగారి కారు ఇప్పటికీ ఆ అతుకు మీదే నడుస్తోంది. రిమోట్‌లోంచి అనవసరంగా తీసేసిన రెండు సెల్స్‌లో ఒకటి మా అక్క వంటింట్లో పిండి తూచే మెషీన్‌లో పనిచేస్తోంది. రెండోది టేపు చుట్టి డ్రాయరులో ఉంది, దాని వంతు ఇంకా రాలేదు.